నాలుగు తూట్ల గుండీ

మా అత్తమ్మ టెన్త్ పరీక్షకు కట్టిందన్న సంగతి మాకు నుమాయిష్‌లో, అదే నాంపల్లి ఎగ్జిబిషన్‌లో, తెలిసింది. జనవరి మొదట్లో ఒక ఆదివారం సాయంత్రం. నేను, నా భర్త సురేందర్, అత్తమ్మ సమ్మక్క ముగ్గురం ఎట్లాగో ఒక బెంచీ దొరకబుచ్చుకుని మిర్చి బజ్జీలు తింటున్నాం. ఎదురుగా పిల్లల రైలు కూత పెట్టుకుంటూ తిరుగుతున్నది. అత్తమ్మ బజ్జీ తొడిమ పక్కన పడేసి, కొంగుతో మూతి తుడుచుకుని చెప్పింది.

"ఓపెన్ స్కూల్ల టెన్త్ కట్టిన. ఏప్రిల్ల పరీక్ష."

సురేందర్ చేతిలో బజ్జీ నోటి దగ్గరే ఆగిపోయింది. "ఎవరు కట్టిన్రు?"

"నేనే. ఏం, నేను కట్టొద్దా?"

అత్తమ్మకు యాభై దాటాయి. నాంపల్లిలో ఒక సర్కారు ఆఫీసులో అటెండరు. మామయ్య పోయాక ఆయన ఉద్యోగం ఆమెకు ఇచ్చారు. ఆఫీసులో రికార్డు అసిస్టెంటు భూమయ్య దసరాకు రిటైరవుతున్నాడట. అప్పటికి టెన్త్ పాసైన అటెండరు ఉంటే ఆ సీటు వాళ్ళదే, లేకపోతే బయటివాళ్ళు వచ్చి కూర్చుంటారు.

"వానకాలంలనే కట్టిన," అన్నది. "పుస్తకాలు ఆఫీసు బీరువల పెట్టిన. ఇంటికి తెస్తే మీరు నవ్వుతరని తేలే. తెలుగు, సోషలు, లెక్కలు, ఇంగ్లీషు నా తిప్పలు నేను పడుతున్న. సైన్సే మింగుడు పడ్తలేదు."

"సైన్స్ ఎందుకు తీసుకున్నవ్ అత్తమ్మా? హోం సైన్స్ ఉంటది గదా," అన్నాను.

"మా ఆఫీసు బుజ్జమ్మ గదే తీసుకున్నది. హోం సైన్స్‌ల ఏముంటదో నాకు ఎరుకే. ఎరుకైనదానికి సదువుడెందుకు?" నా వైపు తిరిగింది. "ఇంట్ల సైన్స్ టీచరున్నది. నువ్వు చెప్పవా?"

మా ఇద్దరి మధ్య అప్పటిదాకా గొడవ ఏనాడూ లేదు. చనువూ లేదు. నల్లా వచ్చిందా, కూరలో ఉప్పు సరిపోయిందా, మా మాటలు అంతవరకే. అందుకే ఆ మాట నేరుగా నన్నే అడిగేసరికి నాకు కాదనడానికి నోరు రాలేదు.

"చెప్త," అన్నాను.

అద్దాలు, కటకాలు, గుండె, ఊపిరితిత్తులు అన్నీ చకచకా అయిపోయాయి. కెమిస్ట్రీ దగ్గర బండి ఆగింది.

ఆగాపురలో మా కిరాయి ఇంటి వంటగదిలో అత్తమ్మ అనపకాయలు ఒలుస్తున్నది. నేను పుస్తకం ఒళ్ళో పెట్టుకుని, రోజూ క్లాసులో చెప్పినట్టే చెప్పాను.

"రెండు పరమాణువులు ఎలక్ట్రాన్లను పంచుకోవడం వల్ల ఏర్పడే బంధాన్ని సంయోజనీయ బంధం అంటారు. ఇప్పుడు నువ్వు చెప్పు."

"నువ్వు చెప్పిందే మల్ల నాకు చెప్పుమంటున్నవు. గదైతే చిలుక గూడ చెప్తది." ఒక కాయ ఒలిచి గింజలు గిన్నెలో వేసింది. "కార్బన్‌కు నాలుగు బంధాలన్నవ్. ఏడున్నయి నాలుగు? నాకు కనవడ్తలేవు."

"కనవడవు అత్తమ్మా. ఊహించుకోవాలె."

"దేన్ని జూసి ఊహించుకోవాలె?"

పుస్తకంలో బొమ్మ చూపించాను. మధ్యలో C అక్షరం, చుట్టూ నాలుగు గీతలు, గీతల చివర H అక్షరాలు. అత్తమ్మ కళ్ళద్దాలు సవరించుకుని చాలాసేపు చూసింది.

"గివి గీతలు," అన్నది.

ఆ వారమే మా బడిలో ప్రీఫైనల్ పేపర్లు దిద్దడం అయింది. నాంపల్లి స్టేషన్‌కు దగ్గర్లో, ఒక గల్లీ లోపల ఉంటుంది మా బడి. నేను ఫిజికల్ సైన్స్ చెప్తాను. హెడ్మాస్టరు హెర్బర్ట్ సార్ ఇంగ్లీషు చెప్తారు. మెదక్ నుంచి వచ్చిన మనిషి, ఎవరినీ కోప్పడరు. కోప్పడాల్సి వస్తే జోకు వేస్తారు.

సార్ నా పేపర్లు బల్ల మీద పరిచారు. "వనితా, నిర్వచనం అందరూ అక్షరం పొల్లు పోకుండా రాశారమ్మా. ఈథేన్ బొమ్మ వేయమంటే మాత్రం ఆకాష్ కార్బన్‌కు ఐదు గీతలు పెట్టాడు. క్లాసులో ఫస్టు వచ్చేవాడు! ఈ అబ్బాయి భానుతేజ హైడ్రోజన్‌కు మూడు పెట్టాడు. గీతలు ఊరికే వస్తున్నాయి కదా అనుకున్నట్టున్నారు."

నవ్వాలో ఏడవాలో తెలియలేదు నాకు. పరీక్షల దాకా సాయంత్రాలు స్పెషల్ క్లాసు పెడతానని చెప్పి, వెళ్ళబోతూ ఆగాను.

"సార్, మా అత్తమ్మ కూడా టెన్త్ రాస్తున్నారు. ఆఫీసు ఇక్కడే. క్లాసులో కూర్చోవచ్చా?"

"పెద్దావిడ పిల్లల మధ్య కూర్చుంటారా?"

"కూర్చుంటారు సార్. మాట్లాడకుండా ఉంటారో లేదో మాత్రం చెప్పలేను."

ఇంట్లో నాకు ఎదురయ్యే ప్రశ్నలు క్లాసులో నలభై మంది ముందు ఉండవులే అని నా ధీమా.

మొదటి రోజు ఆఫీసు వదలగానే వచ్చింది. ఇస్త్రీ చీర, చేతిలో టిఫిన్ సంచీ. తలుపు దగ్గర ఆమెను చూడగానే క్లాసంతా లేచి నిలబడి గుడీవినింగ్ మేడమ్ అని రాగం తీసింది.

"కూసోన్రి, కూసోన్రి. నేను గూడ మీ లెక్కనే," అని అత్తమ్మ నేరుగా చివరి బెంచీకి పోయింది. అక్కడ జెర్లిన్ అనే అమ్మాయి ఉంటుంది. హాజరు పిలిచినప్పుడు తప్ప ఆ పిల్ల గొంతు నేను వినలేదు. అదీ సగమే వినిపిస్తుంది. జెర్లిన్ జరిగి చోటిచ్చింది.

నేను మళ్ళీ సంయోజనీయ బంధం చెప్పాను. బోర్డు నిండా గీతలు గీశాను. ఎప్పటిలాగే అడిగాను.

"అర్థమైందా?"

"అయింది టీచర్!" ఒక్క గొంతుతో అన్నారు.

"నాకు కాలే టీచర్," అని వెనక నుంచి వినిపించింది.

పిల్లలు ఫక్కున నవ్వారు. ఇంట్లో నన్ను నువ్వు అనే మనిషి, క్లాసులో టీచర్ అంటున్నది. నేను చెప్పిందే మళ్ళీ చెప్పాను. "ఇప్పుడు?"

"ఇప్పుడు గూడ కాలే. మీరు జర గట్టిగ చెప్పిన్రు, గంతే."

ఈసారి నవ్వు గల్లీ దాకా వినిపించి ఉంటుంది.

ఆ పూట ఇంట్లో గిన్నెలు నేను పెట్టాల్సినదానికన్నా గట్టిగానే కింద పెట్టాను. సురేందర్ మా ఇద్దరి మొహాలు చూసి, కంచం పట్టుకుని గుమ్మం బయటికి పోయి మెట్టు మీద కూర్చున్నాడు.

"నిన్ను చిన్న చేస్తందుకు అన్లే," అన్నది అత్తమ్మ. "కాలే గనక కాలేదన్న. ఔనని అబద్ధం చెప్పి, రేపు పరీక్షల ఏం రాయాలె?"

అయిందని ఒక్క గొంతుతో అరిచిన పిల్లలు ఏం రాశారో నాకు తెలుసు. ఆ పేపర్లు ఇంకా నా సంచీలోనే ఉన్నాయి.

మూడు నాలుగు రోజులు అత్తమ్మ క్లాసుకు వచ్చింది, కూర్చున్నది, నోరు మాత్రం తెరవలేదు. ఆ నిశ్శబ్దం ఆ మాటకన్నా నాకు కష్టంగా ఉండింది.

ఆదివారం పొద్దున అత్తమ్మ సురేందర్ అంగీకి ఊడిన గుండీ కుడుతున్నది. సూదిలో దారం ఎక్కించమని నాకిచ్చింది. ఎక్కించి ఇచ్చాను. ఆమె వేళ్ళ కింద సూది ఒక రంధ్రంలోంచి పైకి వచ్చి, ఇంకో రంధ్రంలోకి దిగింది. మళ్ళీ పైకి, మళ్ళీ కిందికి. నేను ఊరికే చూస్తూ కూర్చున్నాను. ఉన్నట్టుండి లేచాను.

"అత్తమ్మా, ఆ గుండీ ఇటియ్యి."

"ఇప్పుడే కుట్టిన గదనే!"

"మల్ల కుడుదువు." కత్తెరతో కత్తిరించేశాను. లోపల నుంచి సురేందర్ "నా అంగీ!" అని అరిచాడు.

నా తెగిన పూసల దండ డబ్బాలో ఉంది. నాలుగు పూసలు తీశాను. గుండీలో ఒక్కో రంధ్రానికి ఒక్కో దారం కట్టి, దారం చివర ఒక్కో పూస ముడేసి, అత్తమ్మ అరచేతిలో పెట్టాను.

"ఈ గుండీ కార్బన్. ఈ పూసలు హైడ్రోజన్. ఇది మీథేన్."

అత్తమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పింది. పూసలు పట్టుకుని గుంజింది. "దీనికి అయిదో పూస గట్టాల్నంటే?"

"కట్టు."

గుండీ మొత్తం వెతికింది. "తూటు లేదు గద!"

"లేదు."

"మరి పూసకు ఇంకో దారం?"

"ముడి పడ్డంక ఇంకోటి దూరది."

"అయ్యో, గింతేనా!" అని నవ్వింది. ఆ ఇంట్లో నేను అడుగుపెట్టాక, ఆమె నా మాటకు పకపకా నవ్వడం అదే మొదలు. "ఆక్సిజన్‌కు రెండే అన్నవు గద. రెండు తూట్ల గుండీలు గూడ ఉంటయి. నడువు అబిడ్స్‌కు."

ఆదివారం అబిడ్స్‌లో దుకాణాలు మూసి ఉంటాయి, వాటి ముందు ఫుట్‌పాత్ నిండా పాత పుస్తకాలు పరిచి ఉంటాయి. పుస్తకాల మధ్య నుంచి నడిచి నడిచి, ఒక సందులో షట్టరు సగం ఎత్తి ఉన్న టైలరింగ్ సామాన్ల దుకాణం పట్టుకున్నాం. నాలుగు తూట్ల నల్లవి, రెండు తూట్ల ఎర్రవి, తెల్ల పూసలు కావాలన్నాను. దుకాణాయన డబ్బాలు దించుతుంటే అత్తమ్మ అడిగింది.

"మూడు తూట్లయి ఉన్నయా?"

"మూడు తూట్ల గుండీ ఏడుంటదమ్మా? ఎవరి అంగీకి?"

"అంగీకి గాదు. నైట్రోజన్‌కు."

ఆయన జర ఆలోచించాడు. "గది ఏ కంపెనీ?"

నేను నవ్వు ఆపుకోలేక ఒక పాత పుస్తకాల బండి వైపు తిరిగి నిలబడ్డాను. చివరికి నాలుగు తూట్ల నీలం గుండీలు కొని, ఇంటికొచ్చి ఒక్కో తూటును గోళ్ళ రంగుతో మూసేశాను. అత్తమ్మ పక్కన కూర్చుని, మూసినవాటిని ఒక్కొక్కటీ ఊది ఆరబెట్టింది.

సోమవారం స్పెషల్ క్లాసులో పుస్తకాలు సంచుల్లోనే ఉంచమన్నాను. నలుగురికి ఒక జట్టు చొప్పున గుండీలు, పూసలు పంచాను. సూదులు లేకుండా పని కావాలని దారాల మొనలకు మైనం రాసి తెచ్చాను. నీళ్ళు కట్టండి, అమ్మోనియా కట్టండి, ఈథేన్ కట్టండి అన్నాను. బయట నుమాయిష్ మైకులో తప్పిపోయిన పిల్లవాడి పేరు పిలుస్తున్నారు, లోపల ఎవరూ తల ఎత్తడం లేదు.

"టీచర్, ఐదోది పట్టట్లేదు," అన్నాడు ఆకాష్, అమాయకంగా.

"పట్టదు. ప్రీఫైనల్‌లో ఎట్లా పట్టించావు?"

వాడు నాలుక కరుచుకున్నాడు. అప్పుడే భానుతేజ బెంచీ మీదికెక్కి అరిచాడు. కార్బన్ డయాక్సైడ్ కట్టమంటే వాడి కార్బన్ గుండీలో రెండు రంధ్రాలు మిగిలిపోయాయి. వాటిని ఖాళీగా ఉంచడం ఇష్టం లేక, ఒక్కో ఎర్ర గుండీకి రెండేసి దారాలు లాగి కట్టేశాడు.

"టీచర్, డబుల్ బాండ్! గిదే కదా డబుల్ బాండ్ అంటే!"

"అదే," అన్నాను. ఆ మాట నేను వాళ్ళకు ఎన్నిసార్లు రాయించానో.

క్లాసు ముగించబోతుంటే వెనక బెంచీలో చెయ్యి లేచింది. అత్తమ్మది. అన్ని రోజుల తర్వాత ఆమె నోరు తెరవబోతున్నది.

"టీచర్, ఒక్క డౌటు. గీ దారం ఎవలది? కార్బన్‌దా, హైడ్రోజన్‌దా?"

ఎలక్ట్రాన్లు పంచుకుంటాయని పుస్తకంలో వాక్యం ఉంది. ఆ వాక్యం చెప్తే ఏమంటుందో నాకు తెలుసు. కానీ నా చేతిలో ఉన్నది ఒక్కటే దారం. ఒక్క దారం ఇద్దరిదీ ఎట్లా అవుతుందో ఎట్లా చూపించాలి?

"నాకు వెంటనే తోచడం లేదు," అన్నాను. "అందరం ఆలోచిద్దాం."

టీచరుకు తోచలేదంటే ఏం చేయాలో పిల్లలకు తెలియలేదు. కొందరు గుండీల వైపు, కొందరు నా వైపు చూశారు.

"టీచర్..."

చాలా చిన్న గొంతు. ఎవరిదో గుర్తుపట్టడానికి నాకు క్షణం పట్టింది. జెర్లిన్. లేచి నిలబడి, ఒక దారం కొసను వేళ్ళ మధ్య నలుపుతున్నది.

"చెప్పు జెర్లిన్."

"దారంల రెండు పోగులుంటయి టీచర్. గిట్ల విప్పితే విడిపోతయి." విప్పి చూపించింది. "ఒక పోగు కార్బన్‌ది, ఒక పోగు హైడ్రోజన్‌ది అనుకుంటే... రెండు మెలేస్తేనే దారం అయితది. అప్పుడు ఇద్దరిది."

అత్తమ్మ ఆ పిల్ల వీపు మీద చెయ్యి వేసి, "అరె! గదీ సంగతి," అన్నది.

"ముందుకు రా," అన్నాను జెర్లిన్‌తో. "అందరికీ నువ్వే చూపించు."

ఆమె వచ్చింది. ఈసారి ఆమె గొంతు చివరి బెంచీ దాకా వినిపించింది. అందరూ దారాలు విప్పి చూసుకోవడం మొదలుపెట్టారు. నేను గోడకానుకుని నిలబడ్డాను. మర్నాడు ఎర్ర పోగు, తెల్ల పోగు కలిపి మెలేసిన దారాలు నలుగురు ఇంటి నుంచి చేసుకొచ్చారు.

ఆ తర్వాత నేను అర్థమైందా అని అడగడం మానేశాను. ఎక్కడ ఆగింది అని అడిగేదాన్ని. మొదట అత్తమ్మ చెప్పేది, తర్వాత భానుతేజ, ఆ తర్వాత నేను వద్దన్నా ఆగకుండా అందరూ. సమీకరణాలు తుల్యం చేయడం కూడా గుండీలతోనే చేశాం. మీథేన్ మండాలంటే దాన్ని విప్పాలి, ఆక్సిజన్‌ను విప్పాలి, వాటితోనే కార్బన్ డయాక్సైడూ నీళ్ళూ కట్టాలి. ఒక్క గుండీ మిగలకూడదు, ఒక్కటి తక్కువ పడకూడదు. తక్కువ పడితే ఆక్సిజన్ కావాలని పక్క జట్టును అడిగేవాళ్ళు. చివరికి ఎన్ని ఆక్సిజన్ జతలు పట్టాయో, సమీకరణంలో దాని ముందు రాసే అంకె అదే.

ఇంట్లో సంగతి వేరే చెప్పాలి. మేమిద్దరం చీకటి పడ్డాక కలిసి నడిచి వచ్చేసరికి సురేందర్ అన్నం, పప్పు చేసి పెట్టేవాడు. మొదట్లో విసుక్కుంటూ, తర్వాత తనే పోపు వేయడంలో మాకు లోపాలు చెప్తూ.

"గీ ఇంట్ల నడుస్తే కాళ్ళకు ఆక్సిజన్ గుచ్చుకుంటున్నది," అనేవాడు అరికాలు రుద్దుకుంటూ.

అన్నం తినేటప్పుడు అత్తమ్మా నేనూ మాట్లాడుకునేవాళ్ళం. పరమాణువుల గురించే మొదలయ్యేది. ఆఫీసులో ఎవరు ఎవరితో మాట్లాడటం లేదో, మామయ్య ఆమెకు సినిమాకని చెప్పి ఎక్కడికి తీసుకుపోయాడో, అక్కడ ముగిసేది.

నుమాయిష్ అయిపోయింది. మార్చిలో పిల్లలు పరీక్షలు రాశారు. సైన్స్ పేపరు అయిపోగానే భానుతేజ గేటు దగ్గరికి పరుగెత్తుకొచ్చి, "టీచర్, బొమ్మ వచ్చింది! మనసులో గుండీలు పెట్టుకుని వేసేశా," అన్నాడు. వేసవి సెలవులు మొదలయ్యాక వాళ్ళ ఫలితాలు వచ్చాయి. సైన్స్‌లో ఒక్కరూ తప్పలేదు. ఇంటర్‌లో ఎంపీసీ తీసుకుంటున్నానని జెర్లిన్ ఫోన్ చేసి చెప్పింది, గట్టిగా, స్పష్టంగా.

అత్తమ్మకు బషీర్‌బాగ్‌లో ఒక బడిలో సెంటరు పడింది. సైన్స్ పరీక్ష రోజు ఎండ మాడ్చేస్తున్నది. నేనూ సురేందరూ నీళ్ళ సీసా పట్టుకుని, పిల్లల తల్లిదండ్రుల మధ్య గేటు బయట నిలబడ్డాం. అత్తమ్మ అందరికన్నా చివర బయటికి వచ్చింది. ముందు నీళ్ళు తాగింది. తర్వాత చెప్పింది.

"బ్యూటేన్ ఇచ్చిండు. నాలుగు నల్ల గుండీలు, పది పూసలు. లెక్క సరిపోయింది. దాన్ని రెండు తీర్ల కట్టొచ్చని గూడ రాసిన."

"అది కూడా అడిగిన్రా?"

"అడగలే. నాకు ఎరుకున్నది గద, ఊకె ఎందుకు పోనియ్యాలె?"

జూన్‌లో బడి తెరిచిన వారం ఓపెన్ స్కూలు ఫలితాలు వచ్చాయి. సురేందర్ ఫోన్‌లో చూసి ఒక్కొక్కటీ చదివాడు. తెలుగు పాస్. సోషల్ పాస్. లెక్కలు గట్టెక్కింది. సైన్స్ డెబ్బై ఒకటి. ఆగాడు.

"ఇంగ్లీషు పోయిందే అమ్మా."

నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అత్తమ్మ నన్ను వింతగా చూసింది.

"సైన్స్‌ల డెబ్బై ఒకటొస్తే ఏడుస్తున్నవేంది?"

"దసరాకు భూమయ్య సీటు అత్తమ్మా..."

"దసరా రేపే ఉన్నదా? నడుమ సప్లిమెంటరీ ఉన్నది." ఆమె అప్పటికే ఏదో ఆలోచిస్తున్నది. "మీ బడిల ఇంగ్లీషు చెప్పేది హెర్బర్ట్ సారే గద? మంచి మనిషి. రేపు అడుగు. నేనొస్త గని, నేను అడుగుడు మొదలువెడితే పరేషాన్ కావద్దని జర ముందే చెప్పిపెట్టు."

ఆ సప్లిమెంటరీలో అత్తమ్మ పాసైంది. దసరా దాటాక భూమయ్య కూర్చున్న కుర్చీలో కూర్చున్నది. అది తర్వాతి సంగతి. జూన్‌లో ఆ మర్నాడు నేను ప్రార్థన గంట కొట్టకముందే హెడ్మాస్టరు గదికి వెళ్ళి, విషయమంతా చెప్పి, అత్తమ్మ చెప్పమన్నది కూడా ఉన్నదున్నట్టు చెప్పాను.

హెర్బర్ట్ సార్ కళ్ళద్దాలు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నారు.

"తప్పకుండా రమ్మనమ్మా. కానీ ఈ సోమవారం వద్దు. వచ్చే సోమవారం నుంచి."

"ఎందుకు సార్?"

సార్ లేచి బీరువా తెరిచారు. పై అరలోంచి లావుపాటి గ్రామర్ పుస్తకం దించి, అట్ట మీద దుమ్ము ఊదారు.

"ఆమె వచ్చేలోపు నేను దీన్ని ఒకసారి మొదటి నుంచి చదువుకోవాలి."